భావికాల గాథలలో మహావీరులు - నిరాయుధులు

బలవంతుడగు యోధుడు నిరాయుధుని యెడ ఎట్లు ప్రవర్తింపవలెనను ప్రశ్న యుద్ధమంత పురాతనమైనది. నిద్రించుచున్నవారిని వధించిన అశ్వత్థామను మన సౌప్తికపర్వము వీరునిగా కీర్తింపలేదు. పాశ్చాత్య దేశములలోని సైన్సు కల్పనా సాహిత్యము ఆ ప్రశ్ననే భవిష్యత్తునకు తరలించి మరల అడుగుచున్నది. భయంకరమైన భావికాలమును చిత్రించు శాఖ యొకటి ఈ సాహిత్యమున గలదు. ఆ గాథలలో శాస్త్రవిజ్ఞానము యోధునకు అమానుషశక్తి నొసగును. అట్టివాని యెదుట సామాన్య పౌరుని గతి యేమి? మూడు ఉదాహరణముల నాధారముగా గొని మనము ఈ విషయమును పరిశీలింతము.

మొదటిది, అమెరికను రచయిత రాబర్టు హైన్‌లైన్ 1959లో ప్రకటించిన ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ అను నవల. ఇందలి పదాతి సైనికుడు యంత్రకవచమును ధరించి, ఒక్కడే ఒక పటాలము చేయు పనిని చేయగలడు. కథారంభమున రికో అను యువకుడు అన్యగ్రహవాసుల నగరముపై దాడి చేయు దళములో నుండును. నగరమును జయించుట వారి ఉద్దేశము కాదు, అచ్చటివారిని భయపెట్టుటయే. రికో ఒక గోడను ఛేదించుకొని జనులతో నిండిన గదిలో ప్రవేశించి, బాంబును విడిచి వెడలిపోవును. అది దేవాలయమో, సత్రమో, సైనిక కార్యాలయమో అతడెరుగడు. ఎరుగుటకు నిలిచి చూడడు కూడ. ఈ అజ్ఞానమును గూర్చి కథకుడు విచారింపకుండుటయే పాఠకుని ఆలోచింపజేయును.

రెండవది, జో హాల్డెమన్ 1974లో వెలువరించిన ‘ది ఫరెవర్ వార్’. ఈ రచయిత వియత్నాము యుద్ధములో గాయపడిన సైనికుడు. ఇతని కథలో ప్రభుత్వము మేధావులను, దృఢకాయులను ఏరి నిర్బంధముగా సైన్యమున జేర్చును. మాండెలా అను కథానాయకుడు భౌతికశాస్త్ర విద్యార్థి. తొలి సంగ్రామమున అధికారులు ఒక సంకేతమును పలుకగానే, సైనికుల మనస్సులలో ముందుగానే నాటియుంచిన ద్వేషము మేల్కొనును. ఎదిరించుటయే తెలియని ప్రత్యర్థులను వారు ఊచకోత కోయుదురు. మైకము వదలిన పిదప మాండెలాకు మిగులునది రోత. వేయేండ్లకు పైగా సాగిన ఆ యుద్ధము పరస్పరము అర్థము చేసికొనలేకపోవుటచే సాగినదని తుదకు తెలియును.

మూడవది, 1987లో ఇంగ్లండునందు గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ ప్రకటించిన ‘వార్‌హామర్ 40,000’ అను ఆట. దీని మూలగ్రంథమును రచించినవాడు రిక్ ప్రీస్ట్లీ. బల్లపై చిన్న బొమ్మలతో ఆడు ఈ క్రీడనుండి అనేక నవలలు పుట్టినవి. ఇందలి ‘స్పేస్ మెరీన్లు’ బాల్యముననే స్వజనమునుండి వేరుచేయబడినవారు. వారి దేహములలో పందొమ్మిది కొత్త అవయవములు అమర్చబడును. ఒక్కొక్క దళమున సుమారు వేయిమంది యుందురు. పౌరుల యెడ ఈ దళములన్నియు ఒకే తీరున మెలగవు. ‘మెరీన్స్ మాలెవొలెంట్’ అను దళము శత్రువును చంపుటకై శరణార్థులను సైతము లెక్కచేయదు. ‘సాలమాండర్లు’ జనరక్షణమే ప్రథమధర్మమని తలంతురు. ఆరన్ డెంబ్‌స్కి-బౌడెన్ 2012లో రచించిన ‘ది ఎంపరర్స్ గిఫ్ట్’ అను నవలలో, ఆర్మగెడ్డను గ్రహమును కాపాడిన సామాన్యులే చూడరానిదానిని చూచినారని శిక్షింపబడుదురు. వారి పక్షమున ‘స్పేస్ వుల్ఫ్స్’ దళము స్వీయ సామ్రాజ్యపు అధికారులనే ఎదిరించును.

ఈ భేదమునకు కారణమేమి? ఆ గాథలలోనే ఒక సమాధానము దొరకును. సాలమాండర్లు దుర్గములలో ఏకాంతముగా నుండక, నాక్టర్న్ అను తమ గ్రహమున జనుల మధ్య నివసింతురు. తాము రక్షించువారి ముఖములు వారెరుగుదురు. రికో యెరుగనిది, మాండెలాను ఎరుగనీయనిది ఇదియే. యోధుని క్రూరుని చేయునది బలము కాదు, దూరము.

ఇది కల్పన మాత్రమే కదా యని మనము తోసివేయరాదు. పౌరుల రక్షణకై జెనీవాలో నాల్గవ ఒడంబడిక 1949లో కుదిరినది. అయినను 1968 మార్చి 16న వియత్నామునందలి మై లాయ్ గ్రామములో అమెరికను సైనికులు వందలకొలది స్త్రీలను, బాలురను, వృద్ధులను చంపిరి. ఆనాడే హ్యూ థాంప్సన్ అను హెలికాప్టరు చోదకుడు పారిపోవు గ్రామస్థులకును తన దేశపు సైనికులకును నడుమ తన యంత్రమును దింపి, వారిలో కొందరిని రక్షించెను. సైన్యము ఆయనను ఆ కార్యమునకై పతకముతో సత్కరించుటకు 1998 వరకు పట్టినది.

థాంప్సనునకు యంత్రకవచము లేదు, పందొమ్మిది అవయవములును లేవు. ఆకాశమునుండి క్రిందికి చూచినప్పుడు అతనికి కనబడినవారు మనుష్యులు. రేపటి యుద్ధములలో మానవుని బదులు యంత్రమే చూచి గురిపెట్టు కాలము సమీపించుచున్నది. కావున ఈ గాథలు అడుగు ప్రశ్న భావికాలమునకు చెందినది కాదు. ఆయుధములను నిర్మించువారును, వానికి అనుమతి నిచ్చు పౌరులమగు మనమును నేడే యోచింపవలసినది.