తాళం లోపలి పట్టిక

పిల్లలూ! కంప్యూటరు కీబోర్డులో ‘కె’ మీట నొక్కితే తెరమీద ‘కె’ పడుతుంది. తెలుగు రాయటానికి ఇన్‌స్క్రిప్టు అనే అమరిక పెట్టుకుని అదే మీట నొక్కితే ‘క’ పడుతుంది. మీట ఒక్కటే గదా, అక్షరం ఎట్లా మారింది?

అసలు కీబోర్డుకు అక్షరాలు తెలియవు. ప్రతి మీటకూ ఒక నంబరు ఉంటుంది. నొక్కగానే ఆ నంబరు మాత్రమే లోపలికి పోతుంది. బడిలో పంతులుగారు “21!” అని పిలిస్తే ఒక తరగతిలో ఒకరు లేస్తారు, పక్క తరగతిలో మరొకరు లేస్తారు. ఎవరన్నది హాజరుపట్టీ చెబుతుంది. కంప్యూటరులోనూ అటువంటి పట్టిక ఒకటి ఉన్నది.

ఈ పట్టికలు అన్ని దేశాల్లోనూ ఒకటిగా ఉండవు. అమెరికా కీబోర్డులో ‘వై’ ఉన్నచోట జర్మనీ కీబోర్డులో ‘జడ్’ ఉంటుంది. ‘జడ్’ ఉన్నచోట ‘వై’ ఉంటుంది. లైనక్స్ అనే వ్యవస్థలో ఆ రెండు చోట్ల నంబర్లు 21, 44. 21ని అమెరికా పట్టిక ‘వై’ అంటుంది, జర్మనీ పట్టిక ‘జడ్’ అంటుంది.

ఇక చిక్కు చూడండి. బెర్లినులో ఒకాయన లైనక్స్ కంప్యూటరులోని డిస్కు మొత్తానికీ పాస్‌వర్డుతో తాళం వేశాడనుకుందాం. అందులో ఒక ‘జడ్’ ఉన్నది. మర్నాడు కంప్యూటరు పెట్టగానే అది పాస్‌వర్డు అడిగింది. ఆయన సరిగానే కొట్టాడు. తప్పన్నది! కొట్టిన అక్షరాలు తెరమీద కనిపించవు గనక కారణం తెలియదు. ఫోటోలూ, ఉత్తరాలూ, లెక్కలూ అన్నీ లోపలే. పాస్‌వర్డు మరిచిపోయానేమోనని ఆయన గుండె గుభేలుమంటుంది.

ఆయన మరిచిపోలేదు. “నాకు జర్మనీ పట్టిక కావాలి” అని ఆయన పెట్టుకున్న అమరిక తాళం వేసిన డిస్కులోనే ఉన్నది! హాజరుపట్టీని బీరువాలో పెట్టి తాళం వేసినట్టయింది. తాళం తీసేదాకా లైనక్స్ తనతో పుట్టిన అమెరికా పట్టికనే వాడుకుంటుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన మొదటి లైనక్స్‌లో మాత్రం ఆయన స్వదేశమైన ఫిన్లండు పట్టికే ఉండేది.

మరి ఉపాయం? ‘వై’ అని రాసి ఉన్న మీట నొక్కితే ‘జడ్’ పడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇది ఆ పూటకు. కంప్యూటరు మేలుకునేటప్పుడు మొట్టమొదట విప్పే చిన్న మూట ఒకటి ఉన్నది. దాన్ని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటారు. సాధారణంగా అది తాళానికి బయట ఉంటుంది. జర్మనీ పట్టికను అందులో చేర్చి, మూట మళ్ళీ కట్టించాలి. లోపలి అమరిక మార్చి ఊరుకుంటే చాలదు. ఇట్లా చేస్తే చిక్కు శాశ్వతంగా తీరుతుంది.

కనుక పెద్దలెవరైనా “పాస్‌వర్డు సరైనదే, కాని తీసుకోవటం లేదు” అంటే, ఏ పట్టిక నడుస్తున్నదో ముందు చూడమని చెప్పండి.

ఇప్పుడు మీకొక లెక్క. ఫ్రాన్సు కీబోర్డులో ‘ఎ’, ‘క్యూ’ తారుమారుగా ఉంటాయి, ‘ఎన్’ మారదు. అక్కడి పాప ఒకతె ‘ఎ, ఎన్, ఎ’ అని కొడితే అమెరికా పట్టిక ఏమని చదువుతుంది? కాగితం మీద రాసి చూడండి!