నెమ్మదిగా పరిగెత్తే ఆదివారాలు

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటే. మరీ వేగంగా పరిగెడతారు. జూన్, జులై నెలల్లో ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీదో, కేబీఆర్ పార్కు చుట్టూనో, విశాఖ ఆర్కే బీచ్ దగ్గరో కాసేపు నిలబడి చూస్తే చాలు. కొత్త బూట్లు, చేతికి కొత్త వాచీ, మొదటి రెండు కిలోమీటర్లు దౌడు. మూడో కిలోమీటరుకల్లా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి రొప్పుతుంటారు. వాళ్లను దాటుకుంటూ అరవై ఏళ్ల పెద్దాయనో, పక్కపక్కన కబుర్లాడుకుంటూ ఇద్దరు ఆడవాళ్లో తాపీగా సాగిపోతారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి నిజంగా సిద్ధమవుతున్నది ఆ కబుర్లాడేవాళ్లే.

వారమంతా ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల చదువులు. మిగిలేది శని, ఆదివారాలు. ఆ రెండు రోజుల్లో కొత్తగా ఏదైనా పట్టాలని పట్నాల్లో చాలామందికి మనసవుతోంది. కొందరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ప్యానెళ్ల నీడలో సైకిల్ తొక్కుతున్నారు. కొందరు భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకుంటున్నారు. ఇంకొందరు అనంతగిరి అడవిదారి పడుతున్నారు. పరుగుకి ఇవేవీ అక్కర్లేదు, బూట్లుంటే చాలు అనుకుంటాం. ఆ బూట్ల ధర ఇంట్లో సగానికి తగ్గించి చెప్పడం వేరే సంగతి.

వారానికి ఐదు రోజులు కూర్చుని, రెండు రోజులు ఒళ్లు వంచితే ఏమైనా లాభముందా? ఆరోగ్యం కోసమే అయితే, ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతుంది. బ్రిటన్‌లో దాదాపు 90 వేల మంది మణికట్టుకి కదలికలు లెక్కగట్టే పరికరం కట్టి సేకరించిన వివరాల మీద 2023లో ఒక అధ్యయనం వెలువడింది. ఆ 150 నిమిషాల్లో సగానికి పైగా ఒకటి రెండు రోజుల్లోనే పూర్తిచేసేవాళ్లకీ, వారమంతా పంచుకుని చేసేవాళ్లకీ గుండెపోటు, పక్షవాతం ముప్పు దాదాపు ఒకేలా తగ్గినట్టు తేలింది. కాబట్టి ఆదివారం మనుషుల్ని వెక్కిరించడానికేమీ లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ ఆదివారం మనిషి 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కో, 42.195 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కో పేరు ఇచ్చినప్పుడు. గుండె, ఊపిరితిత్తులు త్వరగా దారికొస్తాయి. కొద్ది వారాల్లోనే ఆయాసం తగ్గి, ఇంకా పరిగెత్తగలం అనిపిస్తుంది. ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు మాత్రం నెలల తరబడి సమయం తీసుకుంటాయి. రొప్పు లేదు కదా అని దూరం పెంచితే మోకాలి చిప్ప, ముంగాలి ఎముక, మడమ వెనక నరంలా గట్టిగా ఉండే స్నాయువు ఎదురు తిరుగుతాయి.

వారానికి పది శాతానికి మించి దూరం పెంచకూడదని పరుగు లోకంలో పాత మాట ఒకటుంది. దీన్ని కొంచెం మార్చి చూడాల్సిన అవసరం 2025లో వచ్చింది. డెన్మార్క్ పరిశోధకులు ముందుండి నడిపిన ఒక అధ్యయనం దానికి కారణం. ఐదు వేలకు పైగా రన్నర్ల వాచీల్లోని లెక్కలను ఏడాదిన్నర పాటు గమనించారు. వారం మొత్తం దూరం పెరగడానికీ దెబ్బలకీ పొంతన కుదరలేదు. ఒక్క పరుగు దూరం, అంతకుముందు నెల రోజుల్లో చేసిన అతి పొడవైన పరుగుని పది శాతం దాటినప్పుడు మాత్రం దెబ్బ తగిలే ముప్పు పెరిగింది. ఒకేసారి రెట్టింపు దాటితే ఆ ముప్పు కూడా రెండింతలు మించింది. అంటే నెలంతా పది కిలోమీటర్లు దాటని మనిషి స్నేహితుల ఊపులో ఒక ఆదివారం ఇరవై లాగించేయడమే అసలు ప్రమాదం. వారంలో ఒక్కరోజే ఖాళీ దొరికేవాళ్లకి ఈ బుద్ధి పుట్టడం చాలా సహజం కూడా. రెండు వారాలు ఎగ్గొట్టి, మూడో వారం అప్పు తీర్చినట్టు ఒకేసారి పరిగెడతారు. కాళ్ల దగ్గర ఆ లెక్క చెల్లదు.

ఆదివారం పూట పొడవుగా, నెమ్మదిగా పరిగెత్తడమనే అలవాటుకి పేరు తెచ్చినవాడు న్యూజిలాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్. 1917లో పుట్టాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు తన ఒంటికి ఢోకా లేదనుకున్నాడు. ఓ రోజు తనకంటే పెద్దవాడితో ఐదు మైళ్లు పరిగెత్తేసరికి ప్రాణం మీదికొచ్చింది. అప్పట్నుంచి సొంత ఒంటి మీదే ప్రయోగాలు. ఒక వారం తక్కువ, ఒక వారం మరీ ఎక్కువ, ఏది పనిచేస్తుంది, ఏది దెబ్బతీస్తుందని ఏళ్లపాటు చూసుకున్నాడు. చివరికి ఆక్లాండ్ పక్కన వైటకెరె కొండల్లో వైయటరువా మీదుగా 22 మైళ్ల దారి ఒకటి ఖాయం చేశాడు. మన లెక్కలో 35 కిలోమీటర్లు. ఆదివారం వస్తే ఇరుగుపొరుగు కుర్రాళ్లందరూ ఆ దారి పట్టాల్సిందే.

ఆ కుర్రాళ్లలో పీటర్ స్నెల్ ఒకడు. అతనిది 800 మీటర్ల పోటీ. రెండు నిమిషాల్లోపు అయిపోయే పరుగుకి 35 కిలోమీటర్ల సాధన ఎందుకని నవ్వినవాళ్లున్నారు. 1960 సెప్టెంబర్ 2న రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అదే రోజు, గంట తేడాతో, లిడియార్డ్ మరో శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్ల స్వర్ణం పట్టుకొచ్చాడు. బ్యారీ మగీ మారథాన్‌లో కాంస్యం గెలిచాడు. ఒక ఊరి చుట్టుపక్కల కుర్రాళ్లు, జీతం లేని కోచ్.

నన్ను అంతకంటే ఎక్కువ ఆకట్టుకునేది ఆ తర్వాతి కథ. లిడియార్డ్ ఇదే పద్ధతిని నిదానం చేసి నడివయసు వాళ్లకీ, గుండెజబ్బు వచ్చినవాళ్లకీ నేర్పాడు. మాట్లాడగలిగేంత నిదానంగా మాత్రమే కదలాలన్నది అక్కడి షరతు. 1962 చివర్లో అమెరికా నుంచి బిల్ బోవర్‌మన్ అనే పేరున్న కోచ్ చూడ్డానికి వచ్చాడు. ఒలింపిక్ స్థాయి రన్నర్లకు శిక్షణ ఇచ్చే మనిషి. ఒక ఆదివారం గుంపుతో కలిసి పరిగెత్తబోయి వెనకబడిపోయాడు. డెబ్బై దాటిన, గుండెజబ్బు ఎదుర్కొని నిలిచిన ఒక పెద్దాయన జాలిపడి తన వేగం తగ్గించుకుని తోడుగా వచ్చాడు. బోవర్‌మన్ ఇంటికెళ్లి తన ఊళ్లో జాగింగ్ బృందం పెట్టాడు, 1967లో ఒక గుండె డాక్టరుతో కలిసి పుస్తకం రాశాడు. అమెరికాలో మామూలు జనం రోడ్డెక్కి పరిగెత్తడానికి ఆ పుస్తకం పెద్ద ఊపునిచ్చింది.

ఇంతకీ నెమ్మదిగా పరిగెత్తితే ఒంట్లో ఏం జరుగుతుంది? మన కండరాలు, కాలేయం కలిపి దాచుకోగలిగే పిండిపదార్థం సుమారు అరకిలో. దాని శక్తి రెండు వేల కేలరీల దాకా. పరుగు ఖర్చు కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ. 65 కిలోల మనిషి మారథాన్‌కి 2,700 కేలరీలకు పైగా కావాలి. నిల్వ చాలదు. వేగంగా పోయినకొద్దీ శరీరం ఆ పిండిపదార్థాన్నే ఎక్కువ వాడుతుంది. అందుకే 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి కాళ్లు సీసంలా బరువెక్కి అడుగు పడదు. కొవ్వుకి మాత్రం కొదవ లేదు, సన్నటి మనిషి దగ్గర కూడా కిలోల కొద్దీ ఉంటుంది. దాన్ని కాల్చడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, సమయం కావాలి. నెమ్మది పరుగు నేర్పేది ఈ విద్యనే. కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, వాటికి రక్తం చేరవేసే సన్నని నాళాలు పెరుగుతాయి. జాన్ హొలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకల్ని పరిగెత్తించి కండరాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయని 1967లోనే చూపించాడు.

నెమ్మదిగా పోతే ఎంత దూరమైనా సాధ్యమనడానికి మన దగ్గర ఏటా కనిపించే సాక్ష్యం సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. చాలామంది వట్టికాళ్లతో. వాళ్లలో ఎక్కువమంది దీనికోసం ప్రత్యేకంగా సాధన చేసినవాళ్లు కారు. అంత దూరం సాధ్యపడుతున్నదంటే భక్తి ఒక కారణం, వేగం తక్కువ కావడం రెండో కారణం. నడకలో ఒళ్లు ఎక్కువగా కొవ్వు మీద ఆధారపడుతుంది, కాళ్ల మీద పడే దెబ్బా తక్కువే. మర్నాడు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోవడం ఉంటుంది, అది వేరు.

మన ఎండలు ఇంకో పరీక్ష. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో కాబట్టి దాని సాధన ఏప్రిల్, మే నెలల్లోనే మొదలవుతుంది. వేడికి ఒళ్లు అలవాటుపడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు చాలు. ఆ వ్యవధిలో రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగానే పడుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. విశాఖలో ఇది కూడా పూర్తిగా ఆదుకోదు. గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట చల్లబరచదు. అలాంటి రోజున వాచీ చూపే వేగాన్ని నమ్మి పరిగెత్తడం మూర్ఖత్వం. ఊపిరిని బట్టి పోవాలి, పక్కమనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. ఒంటరిగా వెళ్తే మాట్లాడేందుకు ఎవరూ ఉండరు, పైగా చీకట్లో వీధికుక్కలు. ఆడవాళ్లకు ఇంకా ఇబ్బంది. గుంపుగా పరిగెత్తడంలో ఉన్న సగం మేలు ఇక్కడే ఉంది.

నీళ్ల విషయంలో మనవాళ్లు రెండు కొసల్లోనూ తప్పుతారు. అసలు తాగకపోవడం ఒకటి, దాహం లేకున్నా దారిలోని ప్రతి నీళ్ల బల్ల దగ్గరా రెండు గ్లాసులు పోసుకోవడం ఇంకొకటి. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తగ్గి కనిపించింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగేంతగా తాగినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. దాహం వేసినప్పుడు, వేసినంతే తాగడం మంచిది. పరుగు అవగానే కొబ్బరిబోండాం కొట్టించుకోవడం మనకు ఆనవాయితీ. అందులో పొటాషియం బాగా ఉంటుంది గానీ సోడియం తక్కువ, చెమటలో ఎక్కువగా పోయేదేమో సోడియం. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఆ పనికి మేలు, చవక కూడా.

హైదరాబాద్‌లో పరిగెత్తాలంటే ఎత్తుపల్లాలకీ సిద్ధపడాలి. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలయ్యే ఫుల్ మారథాన్ ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మిట్టలు దాటుకుంటూ గచ్చిబౌలి వైపు సాగుతుంది. చదును నేల మీదే సాధన చేసి వస్తే తొడలు మొరాయిస్తాయి. వారం మధ్యలో రెండు మూడు పొట్టి పరుగులు, వాటిలో ఒకటి ఎత్తు మీద, శనివారం మోకాళ్ల మీద దెబ్బ పడని సైకిలు, ఆదివారం లాంగ్ రన్. ఉద్యోగం చేసుకునే మనిషికి ఇది కుదిరే లెక్క. మొదటి ఫుల్‌కి పదహారు వారాలైనా కావాలి. లాంగ్ రన్ 30 కిలోమీటర్ల దగ్గరికి వెళితే చాలు, 42 ముందే పరిగెత్తి చూడనక్కర్లేదు.

చివరి రెండు మూడు వారాలు దూరం తగ్గించాలి, అలసిన కండరం కోలుకునేది అప్పుడే. నాలుగు నెలలుగా తెల్లారకముందే లేచి పరిగెత్తినవాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టం. శ్రావణమాసం పెళ్లిళ్లు కూడా తరచూ ఈ వారాల్లోనే పడతాయి. విందు మానుకోవాల్సిన పని లేదు, ఆ రోజుల్లో అన్నం ఇంకొంచెం ఎక్కువే తినొచ్చు. బరాత్‌లో తెల్లవార్లూ ఎగరడం మాత్రం వచ్చే పెళ్లికి వాయిదా వేసుకోవాలి.