అరచేతిలోని ఫోన్‌లో అన్ని యాంటెన్నాలు ఎలా ఇమిడాయి?

ఖరగ్‌పూర్‌లో 1951లో ప్రారంభమైన ఐఐటీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ రమేశ్ గర్గ్, మరో ముగ్గురితో కలిసి రాసిన మైక్రోస్ట్రిప్ యాంటెన్నాల గ్రంథం 2001లో వెలువడింది. పలుచని బోర్డు, దాని మీద రాగి ఆకారం, అడుగున రాగి పొర: మైక్రోస్ట్రిప్ యాంటెన్నా అంటే ఇంతే. చూడటానికి తేలిక, డిజైన్ చేయడం మాత్రం చాలా కష్టం.

యాంటెన్నాకు అనువైన పొడవు తరంగదైర్ఘ్యంలో సగమో, పావో. 3.5 గిగాహెర్ట్‌జ్ దగ్గర పావు వంతు అంటే సుమారు రెండు సెంటీమీటర్లే. 700 మెగాహెర్ట్‌జ్‌కు వచ్చేసరికి అదే దాదాపు 11 సెంటీమీటర్లు. అంత చోటు ఫోన్‌లో దొరకదు. పోనీ, కుదించేద్దామంటే భౌతికశాస్త్రం ఒప్పుకోదు. చాలా చిన్న యాంటెన్నాను ఇంకా సగానికి తగ్గిస్తే, అది బాగా పనిచేయగల ఫ్రీక్వెన్సీల పరిధి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుందని 1948లో ఎల్.జె. చూ వేసిన లెక్క చెబుతోంది. ఎంత తెలివైన డిజైనరైనా ఈ హద్దు లోపలే పనిచేయాలి.

ఒక్క యాంటెన్నాతోనూ సరిపోదు.

ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు మూడు డేటా ధారలు ఒకేసారి నడవాలంటే అన్ని యాంటెన్నాలు కావాలి. లేదా ఒకే యాంటెన్నాకు అన్ని పోర్టులు, అంటే సిగ్నల్ వచ్చిపోయే దారులు, ఉండాలి. అవి పక్కపక్కనే ఉంటే ఒకటి పంపిన శక్తి మరొకదానిలోకి దూరుతుంది. రెండింటి మధ్య సిగ్నల్ ఎడం (ఐసొలేషన్) 10 డెసిబెల్స్ అయితే పదో వంతు అలా వృథా అవుతుంది, 15 అయితే మూడు శాతమే. అందుకే అడుగు రాగి పొరలో సన్నని గాడులు కోస్తారు, లేదా ఒక పోర్టు తరంగం నిలువుగా, రెండోది అడ్డంగా కంపించేలా అమర్చుతారు. అసలు పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది.

ఇక శ్రుతి చేయడం. పాత రేడియోలో నాబ్ తిప్పితే గ్యాంగ్ కండెన్సర్ కదిలి స్టేషన్ మారేది. ఇప్పుడు ఆ పని వారాక్టర్ డయోడ్ చేయగలదు: వోల్టేజీ మారితే దాని కెపాసిటెన్స్ మారుతుంది, దాంతో యాంటెన్నా పలికే ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. అంటే ఇరుకు పరిధి ఉన్న చిన్న యాంటెన్నానే అవసరమైన బ్యాండ్‌కు ఎప్పటికప్పుడు జరుపుకోవచ్చు. చూ హద్దును దాటకుండానే దొరికిన వెసులుబాటు ఇది. డయోడ్ కొంత శక్తిని తినేస్తుంది, అయినా ఆ బేరం లాభమే.

మనిషి చెయ్యి కూడా ఈ శ్రుతిని చెడగొడుతుంది. 2010లో వచ్చిన ఐఫోన్ 4 చుట్టూ ఉన్న ఉక్కు అంచే దాని యాంటెన్నా. ఆ అంచులో ఎడమ కింది సందు మీద వేలు పడితే సిగ్నల్ తగ్గేది. చివరికి యాపిల్ ఉచితంగా కవర్లు ఇచ్చింది. అందుకే సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ముందు లోహపు కవరు తీసేయండి, ఫోన్ కింది అంచును అరచేత్తో మూసేయకండి. చాలా ఫోన్లలో ప్రధాన యాంటెన్నా అక్కడే ఉంటుంది.