ధూల్‌పేట్ అని రాయించిన సారు

సెప్టెంబర్ 5న దేశమంతా గురువులను స్మరించుకుంటుంది. నేను చదివిన ధూల్‌పేట్ ఉన్నత పాఠశాలలో ఆ రోజుల్లో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. అది వినాయక చవితి కాలం. పిల్లలు కార్ఖానాల్లో విగ్రహాలకు గరుకు కాగితం రుద్దుతూ, రంగులు వేస్తూ ఉండేవారు. శ్రావణంలో రాఖీలు, సంక్రాంతి ముందు పతంగులు. మా హాజరుపట్టీని పండుగలే నడిపించేవి.

ఆ గైర్హాజరును కొందరు సోమరితనమన్నారు. ఇప్పుడు మన మధ్య లేని మా తెలుగు సారు మాత్రం సాయంత్రం కార్ఖానాకే వచ్చేవారు. విగ్రహాల మధ్య గోనెసంచి పరుచుకుని ఆనాటి పాఠం చెప్పేవారు. ఇంట్లో మాది ఉత్తరాది హిందీ యాస, వీధిలో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. అచ్చుకు, కొబ్బరి పీచుకు మా ఇళ్లలో ఏమంటారో అడిగి రాయించి, పక్కన తెలుగు మాట రాయించేవారు. మా పని కూడా విద్యేనని మాకు తొలిసారి అప్పుడే తెలిసింది.

నిజాం పాలనలో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన లోధ్‌ల పేట మాది. విగ్రహాల పని ఏడాదిలో కొన్ని నెలలే. ఇతర దారులు మూసుకుపోయిన ఇళ్లలో కొన్ని నాటుసారాపై ఆధారపడ్డాయి. దానితో పేట మొత్తానికీ గుడుంబా ముద్ర పడింది. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించిన 1871 నాటి చట్టం 1952లో రద్దయింది. పుట్టిన చోటును బట్టి మనిషిని నిందించే అలవాటును ఏ చట్టమూ రద్దు చేయలేదు.

ఆ అలవాటుకు మా సారు కూడా అతీతులు కారు. తరగతిలో ఇద్దరం కొట్టుకున్న రోజున, 'సారా బట్టీల బుద్ధి ఎక్కడికి పోతుంది' అని నోరు జారారు. మరునాడు పాఠానికి ముందు అందరి ఎదుట నిలబడి, ఆ మాట అన్నందుకు మన్నించమని అడిగారు. ఒక పెద్దమనిషి మాకు క్షమాపణ చెప్పడం మేమెన్నడూ చూడలేదు. తన నోట పలికిన కులాన్ని తానే పట్టుకోగలిగిన ఆ నిజాయితీని, ఆ తర్వాత విశ్వవిద్యాలయాల్లో సైతం నేను అరుదుగానే చూశాను.

పదో తరగతి తర్వాత కళాశాల దరఖాస్తులో చిరునామాగా 'మంగళ్‌హాట్' అని రాశాను. సారు ఆ కాగితం చూశారు, ఏమీ అనలేదు. తన కలం నా చేతికిచ్చారు. దానిని కొట్టివేసి 'ధూల్‌పేట్' అని రాశాను.

అందరూ గట్టెక్కలేదు. లెక్కల్లో నాకంటే చురుకైన నా పక్క బెంచీ మిత్రుడు ఎనిమిదో తరగతిలో కార్ఖానాకు వెళ్లి తిరిగి రాలేదు. ఏడాది చివరిదాకా సారు అతని పేరు పిలుస్తూనే ఉన్నారు.

ఆ పిలుపు బాధ్యతను రాజ్యం పూర్తిగా స్వీకరించిందా? విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 2016లో బాలకార్మిక చట్టానికి చేసిన సవరణ, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో బడి వేళల తర్వాత, సెలవుల్లో పిల్లలు సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చింది. మన సమాజంలో కుటుంబ వృత్తి అంటే చాలాచోట్ల కులవృత్తే. తండ్రి పనిని బిడ్డ ప్రేమించవచ్చు. దానికే బందీ కాకూడదు. ఇదే నగరంలో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి దళిత పిల్లలకు బడులు తెరిచారు. వందేళ్లు దాటినా, బడి పేట వరకు నడిచి రావడం ఇంకా ఒక్కొక్క ఉపాధ్యాయుని మంచితనంపైనే ఆధారపడుతోంది.

సీజన్‌లో వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు, వృత్తి కుటుంబాలకు ఏడాది పొడవునా ఆదాయం, పేటకు వెళ్లే ఉపాధ్యాయుని శ్రమకు విధిగా గుర్తింపు కావాలి. మా సారు వంటివారికి దండ వేయడం తేలిక. వారు ఒంటరిగా మోసిన పనిని వ్యవస్థ తలకెత్తుకోవడమే అసలైన స్మరణ.