ఉడుతకూ కుష్ఠు వస్తుందా?

ఉడుత అనగానే మన కళ్ల ముందు మెదిలేది వీపు మీద మూడు చారలతో జామచెట్టెక్కి గంతులేసే బుల్లి ప్రాణి. బ్రిటన్ వాళ్ల సొంత ఉడుత వేరు. ఒళ్లంతా ఇటుక రంగు బొచ్చు, చెవుల కొసన కుచ్చులు, గుబురు తోక. అక్కడ చదువుకుంటున్న మీ పిల్లలు పార్కుల్లో తీసి పంపే ఫొటోల్లో ఇది దాదాపు కనిపించదు. వాటిలో ఉండేది ఉత్తర అమెరికా నుంచి తెచ్చి వదిలిన బూడిద రంగు ఉడుత. ఎర్ర ఉడుతలు ఇప్పుడు ఎక్కువగా స్కాట్లాండ్‌లో, ఉత్తర ఇంగ్లాండులో, కొన్ని దీవుల్లో మాత్రమే మిగిలాయి. వాటిని ఏ జబ్బులు చంపుతున్నాయన్న పరిశోధనల్లో మనం తెలుసుకోదగ్గ సంగతులు కూడా ఉన్నాయి.

మోసేది ఒకటి, చచ్చేది మరొకటి

19వ శతాబ్దంలో బ్రిటన్ సంపన్నులు తమ ఎస్టేట్లలో అందం కోసం బూడిద ఉడుతలను వదిలారు. ఇవి ఎర్రవాటి కంటే బాగా పెద్దవి, తిండి దగ్గరా వీటిదే పైచేయి. అంతకంటే పెద్ద చిక్కు స్క్విరల్ పాక్స్ వైరస్. ఇది ఒంట్లో ఉన్నా బూడిద ఉడుతకు సాధారణంగా ఏమీ కాదు. అదే ఎర్ర ఉడుతకు సోకితే కళ్ల చుట్టూ, ముక్కు, పెదవులు, కాలివేళ్ల మీద పుండ్లు పడి పెచ్చులు కడతాయి. కళ్లు మూసుకుపోతాయి, తిండి తినలేదు. చాలావరకు రెండు వారాల్లోపే చనిపోతుంది.

2008లో లివర్‌పూల్ దగ్గరి ఫార్మ్‌బీ తీరంలో ఈ వైరస్ చెలరేగి అక్కడి ఎర్ర ఉడుతల్లో అత్యధిక శాతాన్ని తుడిచిపెట్టేసింది. అయితే కొన్ని తట్టుకుని నిలిచాయి. తర్వాత పరీక్షిస్తే కొన్నింటి రక్తంలో యాంటీబాడీలు కనిపించాయి, సంఖ్య కూడా నెమ్మదిగా పుంజుకుంది.

ప్రేమగా పెట్టిన గింజలతోనూ...

పెరట్లో గింజల డబ్బా వేలాడదీయటం అక్కడ చాలా ఇళ్లలో అలవాటు. రెండు రకాల ఉడుతలూ ఒకే డబ్బాలో మూతి పెడితే వైరస్ చేతులు మారినట్టే. అందుకే డబ్బాలను తరచూ క్రిమిసంహారకంతో కడగమని, జబ్బు కనిపిస్తే గింజలు పెట్టటమే ఆపేయమని సంరక్షకులు చెబుతారు. ఎప్పుడూ వేరుసెనగ పప్పులు, పొద్దుతిరుగుడు గింజలే పెట్టినా ముప్పే. వాటిలో కాల్షియం తక్కువ కాబట్టి ఎముకలు పెళుసుబారతాయి.

ఇవి కాక పేగులను దెబ్బతీసే అడినోవైరస్, పిల్లుల మలం ద్వారా వ్యాపించే టాక్సోప్లాస్మా పరాన్నజీవి కూడా వీటి ప్రాణం తీస్తాయి. ఇక రోడ్డు దాటుతూ కార్ల కింద పడి చనిపోయేవీ తక్కువేం కాదు. వీటి కోసం కొన్నిచోట్ల రోడ్డుకు పైన, చెట్టు నుంచి చెట్టుకు తాళ్ల వంతెనలు కడుతున్నారు.

చెవులు వాచిన ఉడుతలు

అన్నింటికంటే ఆశ్చర్యపరిచింది కుష్ఠు. చెవులు, మూతి, కనురెప్పలు, పాదాలు వాచి, అక్కడ బొచ్చు ఊడిన ఉడుతలను స్కాట్లాండ్‌లో ముందుగా గమనించారు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో సేకరించిన ఉడుతల కళేబరాలను పరీక్షించి, 2016లో శాస్త్రవేత్తలు ఫలితాలు వెల్లడించారు. దక్షిణ ఇంగ్లాండులోని బ్రౌన్‌సీ దీవి ఉడుతల్లో మనుషులకు కుష్ఠు కలిగించే మైకోబ్యాక్టీరియం లెప్రేయే ఉంది. మిగతాచోట్ల దొరికింది దాని దగ్గరి బంధువు మైకోబ్యాక్టీరియం లెప్రోమటోసిస్. బ్యాక్టీరియా సోకినా పైకి ఏ లక్షణమూ లేని ఉడుతలూ ఉన్నాయి.

బ్రౌన్‌సీ ఉడుతల్లోని రకం, మధ్యయుగాల్లో వించెస్టర్‌లో కుష్ఠుతో చనిపోయిన మనిషి ఎముకల్లో దొరికిన రకానికి చాలా దగ్గరిది. ఆ రోజుల్లో ఉడుత తోళ్ల వ్యాపారం జోరుగా సాగేది, ఉడుతలను ముద్దుగా పెంచుకునేవారు కూడా. 2024లో అదే పట్టణపు మధ్యయుగాల నాటి ఉడుత ఎముకల్లోనూ ఈ బ్యాక్టీరియా ఆనవాళ్లు దొరికాయి. అయితే ఎవరి నుంచి ఎవరికి సోకిందన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మరి మనం భయపడాలా?

అక్కర్లేదు. బ్రిటన్‌లో ఉడుతల వల్ల ఇప్పటివాళ్లకు కుష్ఠు వచ్చినట్టు ఆధారాల్లేవు. మన చారల ఉడుత వేరే జాతి. దాన్ని చూసి పిల్లల్ని భయపెట్టాల్సిన పని లేదు. చేత్తో పట్టుకోనివ్వకపోతే చాలు. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి.

మనం నిజంగా పట్టించుకోవాల్సింది మన చర్మాన్ని. ప్రపంచంలో ఏటా బయటపడుతున్న కొత్త కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితే, ముక్కు, నోటి తుంపర్ల ద్వారా ఇది సోకుతుంది. చెయ్యి కలిపితేనో, పక్కన కూర్చుంటేనో రాదు. చాలామందిలో దీన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది.

పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ మీద స్పర్శ తెలియకపోవటం, చేతులు, కాళ్లలో తిమ్మిరి, బలహీనత, చెవి తమ్మెలు దళసరి కావటం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బహుళ ఔషధ చికిత్స ఉచితం. జబ్బు తీరును బట్టి 6 నెలలో, 12 నెలలో వాడితే నయమవుతుంది. నరాలు దెబ్బతినక ముందే మొదలుపెడితే వేళ్లు వంకర పోవటం వంటి వైకల్యాలు రాకుండా చూసుకోవచ్చు. మచ్చ నొప్పి పుట్టదు, దురదా పెట్టదు. అందుకే చాలామంది పట్టించుకోరు. పిల్లలకు తలంటు పోసేటప్పుడు వీపు, పిరుదులు కూడా ఒకసారి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల వీపు వాళ్లకు కనిపించదు కాబట్టి, అదీ మీరే చూడండి.