బంతాటకు సంఘపు కానుకా?

శంషాబాదులో మా సంఘానికి వచ్చే కుటుంబాలలో విమానాశ్రయం మీద బ్రతికేవారు చాలామంది. ఒకరు టాక్సీ నడుపుతారు, ఒకరు సామాను ఎక్కిస్తారు, ఒకరు రాత్రిపూట నేల తుడుస్తారు. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాలు ఇక్కడకు మారినది మొదలు, తలమీద విమానం వెళ్లేటప్పుడు ప్రసంగం కాసేపు ఆపుకోవడం మాకు అలవాటైపోయింది. ఇంత దగ్గర ఉండి కూడా మాలో విమానం ఎక్కినవారు తక్కువే. ఎక్కినవారు కూడా గల్ఫు పనులకు వెళ్లినవారే.

అందుచేత గత డిసెంబరులో ఒక టాక్సీ డ్రైవరు కుమారుడు, పదవ తరగతి చదివే పదహారేండ్ల కుర్రవాడు, చేతిలో ఉత్తరంతో మా యింటికి వచ్చి, "అయ్యగారూ, మే నెలల దక్షిణాఫ్రికా పోతున్న" అన్నప్పుడు మాకు నవ్వు వచ్చింది. ఉత్తరం నిజమైనదే. క్రీడల ద్వారా పరిచర్య చేసే ఒక క్రైస్తవ బృందం నేటాల్ ప్రాంతంలోని బీద పిల్లలకు రెండు వారాలు ఫుట్‌బాల్ నేర్పడానికి కొందరు యౌవనస్థులను తీసుకొని వెళ్తున్నది. ఆటలో వీడు గట్టివాడు గనుక ఎన్నుకొన్నారు. టిక్కెట్టు ఖర్చులో సగం మాత్రం ఎవరి సంఘంవారు వారు భరించాలి.

కమిటీలో ఈ సంగతి పెట్టగానే మా కోశాధికారిగారు, "బోరు మోటారు కాలి రెండు నెలలాయె. బంతాటకు సంఘపు కానుకా?" అన్నారు. దాచుకోవడమెందుకు, మేము ఆయన పక్షాననే ఉన్నాము. మన పిల్లవాడు బంతి తన్నడం నేర్పకపోతే ఆఫ్రికా పిల్లలకు రాదా? 2010లో ప్రపంచ కప్పు జరిగిన దేశమది! పైగా ఇటువంటి ప్రయాణాలలో వెళ్లినవారికి దొరికే మేలు, అక్కడివారికి దొరికే మేలుకంటె ఎక్కువ అని మాకు చాలాకాలంగా అనుమానం.

మాట మార్చినది స్త్రీల సమాజపు పెద్దమ్మగారు. ఆమెది నెల్లూరు. "నేటాల్ అంటే జాన్ రంగయ్యగారు పోయిన దేశమే కదండీ?" అని అడిగారు. మాలో సగంమందికి ఆ పేరే తెలియదు. 1860 నుండి చెరకు తోటల పనికి ఒప్పందపు కూలీలుగా మద్రాసు రేవునుండి ఓడలెక్కిన వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారి మధ్య పరిచర్య చేయుటకు తెలుగు బాప్తిస్టు సంఘాలు 1903లో రంగయ్యగారిని పంపాయి. కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర ఆయన స్థాపించిన సంఘం నుండి అక్కడ తెలుగు సంఘాలు పుట్టాయి. "ఆ దినాల్లో పంపినవారు మనకంటె ఉన్నవారు కారు. పిడికెడు బియ్యం పోగుచేసిన ఆడవాళ్లు మేము" అన్నారామె. కోశాధికారిగారు మాట్లాడలేదు.

తరువాత ఆయనే బయటికి వచ్చి చెట్టు క్రింద నిలబడి మాతో రహీం సాబు గురించి చెప్పనారంభించారు! సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తర్ఫీదులో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతదేశం నాలుగో స్థానానికి వచ్చింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. అప్పటికే కేన్సరు పట్టిన రహీం మరుసటి సంవత్సరం కన్నుమూశాడు. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం మన అమ్ముగూడవాడే. ఇదంతా వేలు మడిచి లెక్కపెట్టి చెప్పిన మనిషి, గంట క్రితం బంతాట ఎందుకన్నవాడు. ఆయన వాటా ఆ సాయంకాలమే వచ్చింది.

అయినా మేము ఒక షరతు పెట్టాము. ఎరిక్ లిడ్డెల్ గురించి మన పత్రికలలో ఆదివారపు పరుగు మానుకొన్న సంగతే తరచుగా వ్రాస్తారు. 1924లో పారిస్‌లో 400 మీటర్ల స్వర్ణం పొందిన అతడు చైనాలో మిషనెరీగా పనిచేసి, యుద్ధకాలంలో జపానువారి నిర్బంధ శిబిరంలో అక్కడి పిల్లలకు ఆటలాడిస్తూ, 1945 ఫిబ్రవరిలో అక్కడే మరణించాడు. మాకు నచ్చేది ఈ చివరి భాగమే. ఇది కుర్రవానికి చెప్పి, "బాబూ, ముందు మన ఊళ్లో పది శనివారాలు నేర్పించు, తరువాత విమానం" అన్నాము.

విమానాశ్రయపు దారిలో కట్టడాల పనికి ఒడిషా, బీహారు నుండి వచ్చినవారి రేకుల గుడిసెలున్నాయి. మొదటి శనివారం ఇరవైమంది పిల్లలు వచ్చారు. వీడు మోకాలిమీద, తలమీద బంతి ఆడించి చూపాడు. పిల్లలు చప్పట్లు కొట్టి, అరగంటకు వెళ్లిపోయారు. నేర్పడం వేరు, చూపించుకోవడం వేరు అని మేము చెప్పనవసరం లేకపోయింది.

మూడవ వారం ఒక చిన్నవాడు బంతిని తుమ్మకంపలోకి తన్నాడు. అది పగిలిపోయింది. మనవాడు వాణ్ణి నలుగురిలో కేకలు వేశాడు. మరుసటి శనివారం ఆ పిల్లవాడు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మనవాడు గుడిసె గుడిసెకు వెళ్లి అడిగితే, ఆ కుటుంబం వేరే పనికి వేరే ఊరు పోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. వాని పేరు కూడా మనవానికి తెలియదు. ఆ రాత్రి తొమ్మిదింటికి మా గుమ్మం దగ్గర కూర్చొని ఏడ్చాడు. ఓదార్చడానికి మావద్ద మంచి మాట ఏదీ దొరకలేదు. అమ్మగారు అన్నం పెట్టారు.

ఆ తరువాత వాడు ఒక నోటుపుస్తకం కొన్నాడు. ఆట మొదలుపెట్టక ముందు ప్రతి పిల్లవాని పేరు వ్రాసుకొని, పేరు పెట్టి పిలుస్తాడు. కొన్ని ఒడియా మాటలు కూడా నేర్చాడు. పరీక్షల రోజుల్లో మానుకొమ్మన్నాము. మానుకొన్నాడు, గొణుగుతూనే.

ఇప్పుడు ప్రయాణపు పనులు జరుగుచున్నవి. మైనరు గనుక పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ సంతకాలు చేశారు. మనకు మే నెల ఎండలు మండితే అక్కడ చలికాలపు ముంగిలి, అందుకని తల్లి ఒక స్వెట్టరు తెచ్చింది. ఏ పిల్లవానితోనూ ఒంటరిగా ఉండరాదని, పిల్లల ఫోటోలు తీయరాదని బృందంవారు పెట్టిన నియమాలను తండ్రి చదివించుకొని విన్నాడు. పదిహేనేండ్లుగా ఆ గేటు దగ్గర జనాన్ని దింపుతున్న ఆయన, టిక్కెట్టు లేనిదే లోపలికి పోనివ్వరు గనుక, ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టలేదు. కుమారుని వెళ్లేనాడు కూడా బయటనే ప్రార్థన చేసి పంపవలసి యున్నది.

విమానం గల్ఫు మీదుగా వెళ్తుంది. ప్రక్క సీటులో జగిత్యాల నుండో నిజామాబాదు నుండో మొదటిసారి పనికి పోయే అన్న ఎవరైనా ఉంటే, దిగిన తరువాత దారి తెలియక నిలబడితే, చేయి పట్టుకొని తీసుకొనిపొమ్మని చెప్పాము.

పది బంతులకు గాలి తీసి సంచిలో సర్దుకొన్నాడు. పదకొండవది పోయిన శనివారం గుడిసెల దగ్గర పెద్ద పిల్లవానికి అప్పగించాడు, పంపుతో సహా. మరి అక్కడ పది బంతులకు గాలి ఎవరు కొడతారని కోశాధికారిగారు నిన్న మాకు ఫోను చేసి, కొత్త పంపు తానే కొన్నానని చెప్పారు.