నడిసముద్రంలో జబ్బు చేస్తే

విశాఖ నుండి పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుండి శ్రీ విజయపురం) ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. దారిలో ఛాతీనొప్పి వస్తే గ్యాస్ అయివుంటుందిలే అని కొందరు ఓర్చుకుంటారు. అలా చేయకండి, వెంటనే ఓడ సిబ్బందికి చెప్పండి. హెలికాప్టరుకు రానూపోనూ ఇంధనం సరిపోవాలి కనుక తీరానికి బాగా దూరమైతే అది రాలేదు. కెప్టెన్ ఓడను తీరంవైపు మళ్ళించి ఎదురు వెళ్ళవలసి వస్తుంది. గుండెపోటు రోగికి ఆ గంటలు ఎంతో విలువైనవి.

హెలికాప్టరు సాధారణంగా ఓడపై దిగదు. పైనే నిలిచి ఇనుప తాడుతో స్ట్రెచరు దించుతుంది. తాడు కొక్కేనికి స్థిర విద్యుత్తు ఉంటుంది. అది డెక్‌నో నీటినో తాకేవరకు ఎవరూ ముట్టుకోరాదు, షాక్ కొడుతుంది. తాడును ఓడకు కట్టడం మరీ ప్రమాదం. రోగితోబాటు మందుల చీటీ, గుర్తింపు కార్డు పంపండి. బంధువులకు చోటుంటుందని మాత్రం అనుకోవద్దు.

వేటకు వెళ్ళే మత్స్యకారులు కూడా కోస్ట్‌గార్డు ఉచిత నంబరు 1554 పడవలో రాసి ఉంచుకోవాలి.